గోడలోకి పోయే వైరు: చిన్న ఆఫీసుకు నెట్‌వర్క్ వేసుకోవడం

(గుంటూరులో చిన్న వ్యాపారులు, ఆడిటర్లు, కంప్యూటర్ టెక్నీషియన్లు కూర్చున్న ఒక సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఆఫీసులు నడిపే పెద్దలున్నారు, వెనక నాలాగా నెట్ వైరు కొసకు జాక్ బిగించే క్రింపింగ్ టూల్ పట్టుకుని తిరిగే తమ్ముళ్ళున్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా మాట్లాడతాను.

2019లో ఒక నెల 20వ తేదీ. ఆడిటర్లకు ఆ తేదీ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు, జీఎస్టీ 3బి రిటర్నులకు ఆఖరి రోజు. ఉదయం పదిన్నరకు ఒక ఆడిటర్ గారి ఆఫీసు నుంచి ఫోన్. "నెట్ పోయింది, టాలీ తెరుచుకోవడం లేదు, ప్రింటర్ కూడా రావడం లేదు." టాలీ అంటే వాళ్ళు లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్. వెళ్ళాను. అది రెండంతస్తుల ఆఫీసు. కింద రాక్, అంటే నెట్‌వర్క్ పరికరాలు పెట్టే పెట్టె, తెరిచి చూస్తే, వైర్లన్నిటినీ కలిపే స్విచ్ మీద లైట్లన్నీ ఒక్కసారిగా ఆరి వెలుగుతున్నాయి. మామూలుగా ఒక్కో లైటు దాని దారిన అది మినుకుమంటుంది. అన్నీ ఒకే తాళంలో కొడుతున్నాయంటే లోపల ఎక్కడో లూప్ పడింది. ఒకే కేబుల్ రెండు కొసలూ ఒకే స్విచ్‌లో గుచ్చితే, అందరినీ ఉద్దేశించి పంపే సందేశం గిర్రున తిరుగుతూనే ఉంటుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, ఆఖరికి ఎవరి పనీ సాగదు.

ఒక్కో వైరూ పీకి చూస్తే పది నిమిషాల్లో తెలిసింది. పై అంతస్తుకు పోయే వైరు తీయగానే కింద అంతా సర్దుకుంది. కానీ రిటర్నులు వేసే ఎనిమిది మందీ పైనే కూర్చుంటారు. పైన చూస్తే ఒకదాని వెనక ఒకటి గొలుసులాగా చిన్న స్విచ్‌లు. బల్ల కింద ఒకటి, బీరువా వెనక ఒకటి, ఫాల్స్ సీలింగ్ పైన ఒకటి. మొత్తం ఎన్నున్నాయో ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఏ వైరు మీదా నంబరు లేదు. చివరికి బీరువా జరిపితే దొరికింది. ముందురోజు సాయంత్రం ఎవరో ఊడుస్తూ నేల మీద వేలాడుతున్న వైరు కొస చూసి, పాపం ఊడిపోయిందనుకుని ఖాళీగా కనిపించిన పోర్టులో పెట్టేశారు. వాళ్ళ తప్పేమీ లేదు. మంచి చేద్దామనే చేశారు. మేం దాన్ని పట్టుకునేసరికి మధ్యాహ్నం రెండు దాటింది.

ఆ ఆఫీసుకు 2012లో వైరింగ్ చేసింది నేనే. అప్పుడు పైన నలుగురే ఉండేవాళ్ళు, నాలుగు పాయింట్లు, అంటే వైరు గుచ్చుకునే సాకెట్లు, కావాలన్నారు, పైకి ఒక వైరు లాగి నాలుగు పాయింట్లు ఇచ్చాను. నంబర్లు రాయలేదు. మనుషులు పెరిగేకొద్దీ వాళ్ళే ఒక్కో చిన్న స్విచ్ కొనుక్కొచ్చి తగిలించుకున్నారు. ఆ రోజు ఆ అమ్మాయిలు, అబ్బాయిలు మధ్యాహ్నం భోజనం మానేసి రాత్రి దాకా కూర్చున్నారు. ఆ తర్వాతే నా పద్ధతి మార్చుకున్నాను.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదీ: బల్ల మీద ఉండేదాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గోడలోకి పోయేదాన్ని మార్చలేం. కంప్యూటర్ ఐదారేళ్ళకు మారుతుంది, వైఫై డబ్బా ఇంకా ముందే మారుతుంది. గోడలో వేసిన కేబుల్ మాత్రం మీరు ఆ బిల్డింగులో ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. కాబట్టి డబ్బూ ఆలోచనా ముందు దాని మీద పెట్టండి. చాలామంది ఖరీదైన రూటర్ కొని, కేబుల్ దగ్గర బేరమాడతారు.

మొదటి పని కాగితం మీద. ఆఫీసు ప్లాను చేత్తో గీసినా చాలు. ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ప్రింటర్ ఎక్కడ, కెమెరాలు ఎక్కడ, హాజరు మెషీన్ ఎక్కడ, ఇంటర్నెట్ వైరు ఏ మూల నుంచి లోపలికొస్తుంది, అన్నీ గుర్తు పెట్టండి. ఇప్పుడున్న మనుషులను కాదు, బల్ల పట్టే చోటు లెక్కపెట్టండి. ఒక్కో సీటుకు రెండు పాయింట్లు. రెండోది ఎందుకండీ అని అడుగుతారు. మూడేళ్ళ తర్వాత ఆ బల్ల కింద చిన్న స్విచ్ పుట్టకుండా ఉండటానికి.

అదే ఆడిటర్ గారి ఆఫీసుకు మళ్ళీ చేసినప్పుడు వేసిన లెక్క చెబుతాను. 11 సీట్లు, రెండేసి చొప్పున 22. ప్రింటర్లు 2. అంతస్తుకొకటి చొప్పున వైఫై యాక్సెస్ పాయింట్లు 2. కెమెరాలు 4. హాజరు మెషీన్ 1. మొత్తం 31 పాయింట్లు. టేపు పెట్టి కొలిస్తే సగటున ఒక్కో పాయింటుకు 20 మీటర్లు, అంటే 620 మీటర్లు. కేబుల్ బాక్సులో ఉండేది 305 మీటర్లు. రెండు బాక్సులు 610. పది మీటర్లు తక్కువ! కొలవకుండా వెళ్ళుంటే ఆఖరి పాయింటు దగ్గర అతుకు వేసేవాళ్ళం. గోడలో అతుకు వేసిన కేబుల్ ఏదో ఒక రోజు ఏడిపిస్తుంది. మూడో బాక్సు తెప్పించాం. మిగిలింది వృథా కాదు, ప్యాచ్ కార్డులకు, అంటే పాయింటు నుంచి కంప్యూటరుకు పోయే చిన్న వైర్లకు, మాత్రం దాన్ని వాడకండి, గోడలో వేసేది గట్టి తీగ, ఎక్కువ వంచితే విరుగుతుంది. ప్యాచ్ కార్డుకు సన్న పోగుల తీగ ఉంటుంది.

స్విచ్ లెక్క వేరు. 31 పాయింట్లూ ఒకేసారి వాడరు. వాడేవి 11 కంప్యూటర్లు, 2 ప్రింటర్లు, హాజరు మెషీన్, కలిపి 14. డేటా పెట్టుకునే నాస్ డబ్బా, రూటర్, ఇంకో చిన్న స్విచ్ కలిపితే 17. 16 పోర్టులది చాలదు, 24ది తీసుకోవాలి. ఆ ఇంకో చిన్నది కెమెరాలకు, యాక్సెస్ పాయింట్లకు నెట్ వైరులోనే కరెంటు ఇచ్చే పీఓఈ స్విచ్. అక్కడ ఒక మాట. పీఓఈ మొదటి ప్రమాణం ప్రకారం పోర్టుకు 15.4 వాట్లు వస్తాయి. కానీ 8 పోర్టులకూ ఒకేసారి అంత ఇవ్వలేని స్విచ్‌లే మార్కెట్లో ఎక్కువ. మొత్తం ఎన్ని వాట్లో డబ్బా మీద రాసి ఉంటుంది, అది చూసి కొనండి. రాత్రిపూట కెమెరాల లైట్లు వెలగగానే ఒక కెమెరా ఆగిపోతుంటే కారణం చాలాసార్లు ఇదే.

ఇప్పుడు కేబుల్ దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను, తమ్ముళ్ళూ, ఇది మీకోసం.

కేబుల్ రకం క్యాట్ 5ఈ అయినా, క్యాట్ 6 అయినా వంద మీటర్ల దాకా గిగాబిట్ వేగం ఇస్తుంది. క్యాట్ 6 అయితే 55 మీటర్ల లోపు పది గిగాబిట్లు కూడా పోతాయి. కొత్తగా వేసేటప్పుడు క్యాట్ 6 వేయండి. అంతకన్నా ముఖ్యం అది నిజమైన రాగి కావడం. అల్యూమినియం తీగకు రాగి పూత పూసిన రకం బజారులో సగం ధరకు దొరుకుతుంది. బాక్సు మీద సీసీఏ అని ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్నిటి మీద అదీ ఉండదు. బ్లేడుతో తీగను గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం. బాక్సు ఎత్తినా తెలుస్తుంది, రాగిది బరువుగా ఉంటుంది. అల్యూమినియం తీగ నాలుగుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది, పీఓఈ పంపితే ఎక్కువ వేడెక్కుతుంది, దూరం పోయేకొద్దీ కెమెరాకు వోల్టేజీ చాలదు. ఆడిటర్ గారూ, కొటేషన్లో "క్యాట్ 6 కేబుల్" అని మాత్రమే ఉంటే ఒప్పుకోకండి. "పూర్తి రాగి" అని రాయించుకోండి.

కేబుల్లో ఎనిమిది తీగలుంటాయి, రెండేసి మెలివేసి నాలుగు జతలు. ఆ మెలికలు ఊరికే వేయలేదు. పక్కన పోయే కరెంటు వైరు నుంచో, పక్క జత నుంచో వచ్చే గోల జతలోని రెండు తీగలకూ సమానంగా తగులుతుంది, అవతలి వైపు పరికరం ఆ రెంటి మధ్య తేడానే చదువుతుంది కాబట్టి గోల కొట్టుకుపోతుంది. అందుకే జాక్ కొట్టేటప్పుడు మెలిక అర అంగుళం కన్నా ఎక్కువ విప్పకూడదు. చేతికి వీలుగా ఉంటుందని రెండంగుళాలు విప్పి, పైతొడుగు జాక్ బయటే వదిలేసేవాళ్ళను రోజూ చూస్తుంటాను.

రంగుల వరస మీకందరికీ వచ్చు: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. గ్రీన్ జత మధ్యలో బ్లూ జత ఎందుకు దూరిందని ఎప్పుడైనా ఆలోచించారా? 3వ పిన్ను, 6వ పిన్ను ఒక జత కావాలి. ఇది తెలియక కొందరు ఆరెంజ్ పక్కన ఆరెంజ్, గ్రీన్ పక్కన గ్రీన్, బ్లూ పక్కన బ్లూ అని వరసగా పెట్టేస్తారు. రెండు వైపులా అలాగే పెట్టారు కదా, మామూలు టెస్టర్లో ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి. అంతా బాగుందనుకుని వచ్చేస్తాం. కానీ 3కూ 6కూ రెండు వేర్వేరు జతల తీగలు పోయాయి, మెలిక ఇవ్వాల్సిన రక్షణ పోయింది. చిన్న వైరైతే నడిచిపోతుంది. 40 మీటర్లయితే కాపీ మధ్యలో ఆగుతుంది, టాలీ ఎర్రర్ ఇస్తుంది, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. ఎనిమిది లైట్లు వెలిగితే తీగ తెగలేదని మాత్రమే అర్థం.

ఇంకో గుర్తు చెబుతాను, ఆఫీసువాళ్ళు కూడా చూసుకోవచ్చు. వంద మెగాబిట్ల వేగానికి రెండు జతలు చాలు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. గోడలో బ్లూ, బ్రౌన్ జతల్లో ఒక్క తీగ దెబ్బతిన్నా నెట్ పోదు, చడీచప్పుడు లేకుండా గిగాబిట్ నుంచి వందకు పడిపోతుంది. సెకనుకు దగ్గరదగ్గర 110 మెగాబైట్లు కాపీ అవ్వాల్సింది 11 దగ్గర నిలబడుతుంది. కంప్యూటర్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో లింక్ స్పీడ్ ఎంతుందో ఒకసారి చూడండి. 1000 ఉండాల్సిన చోట 100 ఉంటే కంప్యూటర్ స్లో అయిందని కొత్తది కొనకండి. ముందు జాక్ మళ్ళీ కొట్టించండి.

కరెంటు వైర్లున్న పైపులో నెట్ వైరు వేయకండి. ఎలక్ట్రీషియన్ "ఒకే పైపులో లాగేస్తే పోలా సార్" అంటాడు. వద్దు. ఒక అడుగు దూరం ఉంచండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. పైపులో వైర్లతో పాటు ఒక నైలాన్ తాడు వదిలేయండి, రేపు ఇంకో వైరు లాగాలంటే అదే దారి చూపిస్తుంది.

వంద మీటర్ల సంగతికి వస్తాను. ఒక రైస్ మిల్లులో ఆఫీసు గదికీ, గేటు దగ్గర వేబ్రిడ్జి గదికీ దూరం 140 మీటర్లు. మధ్యలో ఒక స్తంభానికి డబ్బా కట్టి, అందులో స్విచ్ పెట్టి, రాగి కేబుల్ ఆరుబయట లాగారు. నడిచింది. మే నెలలో ఉరుములతో గాలివాన వచ్చింది. పిడుగు మిల్లు మీద పడలేదు, చుట్టుపక్కల ఎక్కడో పడింది. ఆ పొడుగాటి రాగి తీగలో పుట్టిన కరెంటు ఇటు వేబ్రిడ్జి కంప్యూటర్నీ, అటు ఆఫీసు స్విచ్‌లో సగం పోర్టుల్నీ కాల్చేసింది. ధాన్యం లారీలు బయట బారులు తీరాయి, రెండు రోజులు చీటీలు చేత్తో రాశారు. నన్ను పిలిచాక ఫైబర్ వేశాం, లోపల ఇనుప తొడుగు లేని రకం. గాజు పోగులో కరెంటు పారదు. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి ఎప్పుడు పోయినా ఫైబరే వేయండి, దూరం ముప్పై మీటర్లే అయినా సరే. రెండు కొసలా రెండు కన్వర్టర్లు చాలు, ఇప్పుడు ఆ ఖర్చు చిన్న ఆఫీసుకు అందని ఖర్చేమీ కాదు.

రాక్ గురించి ఎక్కువ చెప్పను. గాలి ఆడే చోట, బాత్‌రూమ్ గోడకు కాకుండా, తాళం వేసుకునేలా పెట్టండి. ఎర్తింగ్ చూపించుకోండి. రాక్‌కు విడిగా ఒక యూపీఎస్ ఉండాలి, కంప్యూటర్లకు ఉంది కదా అని రాక్‌ను మర్చిపోతారు.

అడ్రసుల పని, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఇచ్చే నంబర్ల పని, కూడా కాగితం మీదే మొదలవుతుంది. 192.168తో మొదలయ్యేవి, 10తో మొదలయ్యేవి లోపలి వాడకానికి కేటాయించిన అడ్రసులు, 1996 నుంచీ ఇదే ఏర్పాటు. రూటర్లు చాలావరకు 192.168.1 లేదా 192.168.0 వరసతో వస్తాయి. ఆఫీసుకు దాన్ని మార్చి 192.168.10 లాంటిది పెట్టండి. ఎందుకంటే రేపు ఇంటి నుంచి వీపీఎన్ మీద, అంటే ఇంటర్నెట్‌లో వేసుకునే రహస్య దారిలో, ఆఫీసు కంప్యూటర్లోకి రావాలంటే, ఇంట్లో కూడా అదే వరస ఉంటే మీ కంప్యూటరుకు ఏది ఇల్లో ఏది ఆఫీసో తెలియదు. ఆడిటర్ గారి దగ్గర ఆ వరసలో చివరి నంబర్లు ఇలా రాశాం: రూటర్ 1, స్విచ్‌లకు 2 నుంచి 9, నాస్‌కు 10, ప్రింటర్లకు 20 నుంచి, కెమెరాలకు 30 నుంచి, యాక్సెస్ పాయింట్లకు 50 నుంచి. మనుషుల కంప్యూటర్లు, ఫోన్లు 100 నుంచి 199 లోపు రూటర్ ఇచ్చింది తీసుకుంటాయి. ప్రింటరుకు స్థిరమైన అడ్రసు ఇవ్వకపోతే ఏమవుతుందో మీకు అనుభవమే. కరెంటు పోయి వచ్చాక దానికి వేరే నంబరు వస్తుంది, కంప్యూటర్లు పాత నంబరులో వెతుకుతుంటాయి, "ప్రింటర్ పోయింది" అని ఫోన్.

వైఫై ఫోన్లకు, వచ్చిపోయే ల్యాప్‌టాప్‌లకు. టాలీ డేటా తెరిచి ఎంట్రీలు వేసే కంప్యూటరుకు మాత్రం వైరే. ఎంట్రీ రాస్తున్న క్షణంలో సిగ్నల్ తెగితే డేటా పాడవ్వొచ్చు, దాన్ని బాగుచేసుకుంటూ కూర్చోవాలి. క్లయింట్లకు గెస్ట్ వైఫై విడిగా పెట్టండి, అది మీ షేర్డ్ ఫోల్డర్ల వైపు చూడకూడదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానళ్ళు ఒకదానికొకటి అడ్డురావు, రెండు యాక్సెస్ పాయింట్లకూ వేర్వేరువి ఇవ్వండి. ఇంకో సంగతి, ఒకరి కంప్యూటర్నే అందరికీ సర్వరుగా పెట్టుకుంటుంటే, మామూలు విండోస్ ఒకేసారి 20 కనెక్షన్లకు మించి ఒప్పుకోదు. పదిహేను మంది దాటుతుంటే నాస్ గురించో, సర్వర్ గురించో ఆలోచించండి.

బ్యాకప్ నెట్‌వర్క్ పని కాదంటారు కొందరు. నా దృష్టిలో అదే అసలు పని. 2017 మే నెలలో వాన్నాక్రై వచ్చింది, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్. ఒక్క కంప్యూటర్లోకి దూరితే ఎవరూ ఏమీ నొక్కక్కర్లేకుండా నెట్‌వర్క్ మీద పక్క కంప్యూటర్లకు పాకింది. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లకు కూడా తగిలింది. అది దూరిన విండోస్ రంధ్రాన్ని పూడ్చే అప్‌డేట్ మార్చిలోనే వచ్చేసింది, వేసుకోనివాళ్ళే దెబ్బతిన్నారు. మీరు రోజూ బ్యాకప్ తీసే హార్డ్ డిస్క్ ఎప్పుడూ కంప్యూటరుకు తగిలించే ఉంటే, ఇలాంటిది వచ్చినప్పుడు అది కూడా పోతుంది. నాస్‌లో రెండు డిస్కులున్నాయి కదా అంటారు. ఒక డిస్కు చెడిపోతే అవి కాపాడతాయి, మీరు పొరపాటున చెరిపేస్తే రెంటిలోనూ చెరిగిపోతుంది. రెండు హార్డ్ డిస్కులు కొనండి, వారం మార్చి వారం ఒకటి ఇంటికి తీసుకెళ్ళండి. మూడు నెలలకోసారి అందులోంచి ఒక కంపెనీ డేటా తీసి, వేరే కంప్యూటర్లో తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మకండి.

తమ్ముళ్ళూ, పని అయ్యాక ఒక పుస్తకం ఇచ్చి రండి. ప్లాను, పాయింట్ల నంబర్లు, అడ్రసుల పట్టిక, ఏ పరికరం ఎప్పుడు కొన్నది. పాస్‌వర్డులు విడిగా కవరులో పెట్టి యజమాని చేతికివ్వండి. పాస్‌వర్డు నా దగ్గరే ఉంటే వాళ్ళు నన్నే పిలుస్తారని కొందరు అనుకుంటారు. అది మన ఊళ్ళో చాలా మామూలైపోయింది, నాకు నచ్చదు. ఆ టెక్నీషియన్‌కు జబ్బు చేసిన రోజు ఆఫీసు మొత్తం ఆగిపోతుంది. అన్నీ రాసిచ్చినవాణ్ణి జనం ఇంకా ఎక్కువ పిలుస్తారు, ఈ ఏడేళ్ళలో నేను చూసింది అదే.

వెనక నుంచి ఒక అన్న చెయ్యెత్తారు. అడగండి అన్నా... అద్దె బిల్డింగు, గోడ కొట్టనివ్వరు, ఏం చేయాలంటున్నారు. చాలామంది పరిస్థితి అదే. గోడ అడుగున పీవీసీ పట్టీ వేయండి, స్క్రూలు తక్కువ పడేలా. కరెంటు పట్టీ ఒక గోడకుంటే ఇది ఎదుటి గోడకు. పాయింట్ల పెట్టెలు గోడకు కాకుండా బల్లలకు బిగించండి, రాక్ చక్రాల స్టాండ్ మీద పెట్టండి. ప్రతి వైరుకూ రెండు కొసలా ఒకే నంబరు ఉండాలి, ఒక కొసకు మాత్రమే కాదు. కొసల దగ్గర రెండు మీటర్లు చుట్టి వదిలిపెట్టండి. ఖాళీ చేసే రోజున పట్టీ మూత లాగితే కేబుల్ మొత్తం చేతికొస్తుంది. కొత్త ఆఫీసులో దూరాలు కొలిచి, ఏ నంబరు వైరు ఏ సీటుకు సరిపోతుందో చూసుకుని, జాకులు మాత్రం కొత్తవి కొట్టించుకోండి.